కొరతకి కులం వుంది: నర్సీపట్నం వైపు నుంచి స్పెషలిస్టు డాక్టర్ల లెక్క

'కొరత' అన్న మాట చాలా అమాయకంగా కనపడుతుంది. వాన పడకపోతే నీళ్ళ కొరత, పంట పోతే తిండి కొరత అంటాం. ఆ మాటలో పని చేసినవాడు కనపడడు, జరిగిపోయిన పని ఒక్కటే కనపడుతుంది. మన ఆరోగ్య శాఖలు, ప్లానింగు నిపుణులు, పేపర్లలో సంపాదకీయాలు రాసే పెద్దలు 'వెనకబడిన ప్రాంతాల్లో స్పెషలిస్టు డాక్టర్ల కొరత' అన్నప్పుడు కూడా ఈ అమాయకత్వమే పనిచేస్తుంది. కొరత వున్న ప్రాంతాల్ని గుర్తించాలి, పటం మీద రంగు వెయ్యాలి, అక్కడికి డాక్టర్లని పంపాలి అంటారు. ఇందులో తప్పేముంది అని ఎవరైనా అడగొచ్చు. గుర్తించడంలో తప్పు లేదు. దేనితో కొలిచి గుర్తిస్తున్నారు, ఆ కొలబద్ద ఎవరి చేతిలో వుంది, అది ఎవరిని చూడగలదు, ఎవరి మీదనుంచి జారిపోతుంది అన్నదే ఈ వ్యాసం వేసుకున్న ప్రశ్న.

ఈ ప్రశ్నని నర్సీపట్నం నుంచి వెయ్యడానికి కారణాలు వున్నాయి. ఇది మైదానం అయిపోయి ఏజెన్సీ మొదలయ్యే చోట వున్న పట్నం. ఇక్కడినుంచి ఒక దారి ఘాటీ ఎక్కి లంబసింగి మీదుగా చింతపల్లి పోతుంది. ఇంకో దారి కృష్ణదేవిపేట మీదుగా కొయ్యూరు వైపు పోతుంది. ఇక్కడ ఏరియా ఆసుపత్రి వుంది. 2020లో దేశమంతా మాట్లాడుకున్న ఒక మత్తు డాక్టరు ఇక్కడ పనిచేసిన మనిషే. శంకుస్థాపన జరిగి, ఎవరి చేతుల్లోకి పోవాలో తగాదాలో పడ్డ మెడికల్ కాలేజీ కూడా ఈ పక్కనే, మాకవరపాలెం మండలంలో వుంది. కొరతని తయారుచేసే పద్ధతులన్నీ ఒక్కచోట చూడాలంటే ఇంతకన్న మంచి చోటు దొరకదు.

1. పట్టికని చదవడం

ఒక నవలని విమర్శకి పెట్టినప్పుడు అందులో ఎవరు మాట్లాడుతున్నారు, ఎవరి నోరు మూశారు అని మనం చూస్తాం. ప్రభుత్వ పట్టికని కూడా అలాగే చదవాలి. అదీ ఒక రచనే. దానికీ రచయిత వున్నాడు, దృక్పథం వుంది.

కేంద్ర ఆరోగ్య శాఖ ఏటా 'రూరల్ హెల్త్ స్టాటిస్టిక్స్' అని ఒక పుస్తకం వేసేది. 2022-23 సంచిక నుంచి దాని పేరు 'హెల్త్ డైనమిక్స్ ఆఫ్ ఇండియా' అయింది. దేశంలో స్పెషలిస్టుల కొరత గురించి ఎవరు మాట్లాడినా ఎక్కువగా ఈ పుస్తకంలోంచే మాట్లాడతారు. ప్రభుత్వ ప్రమాణం ప్రకారం మైదానంలో 1,20,000 మందికి, కొండ, గిరిజన ప్రాంతాల్లో 80,000 మందికి ఒక సామాజిక ఆరోగ్య కేంద్రం వుండాలి. అందులో ఆపరేషన్ల డాక్టరు, కానుపుల డాక్టరు, పిల్లల డాక్టరు, జనరల్ ఫిజీషియన్ అని కనీసం నలుగురు స్పెషలిస్టులు వుండాలి. 2021-22 లెక్కల్లో గ్రామీణ కేంద్రాల్లో ఈ నలుగురికీ కలిపి దేశం మొత్తం మీద లోటు 79.5 శాతం. ఒక్కొక్కరుగా చూస్తే ఆపరేషన్ల డాక్టర్లలో 83.2, పిల్లల డాక్టర్లలో 81.6, ఫిజీషియన్లలో 79.1, కానుపుల డాక్టర్లలో 74.2 శాతం. అయిదు కుర్చీలుంటే నాలుగింట్లో మనిషి లేడు.

ఈ అంకె భయంకరమే. దీన్ని పట్టుకుని వుపన్యాసాలు బాగా ఇవ్వొచ్చు. అయితే ఇంత పెద్ద అంకె కూడా ఎంత దాస్తోందో చూడాలి.

పట్టికలో అయిదు గడులు వుంటాయి. ఎంతమంది కావాలి, ఎన్ని పోస్టులు మంజూరయ్యాయి, ఎంతమంది పనిలో వున్నారు, ఖాళీ ఎంత, లోటు ఎంత. ఖాళీ అంటే మంజూరైన పోస్టుల్లోంచి పనిలో వున్నవాళ్ళని తీసేస్తే మిగిలేది. లోటు అంటే కావలసినవాళ్ళలోంచి పనిలో వున్నవాళ్ళని తీసేస్తే మిగిలేది. ఒక కేంద్రంలో నలుగురు కావాలి, ప్రభుత్వం ఇద్దరికే మంజూరు చేసింది, ఇద్దరూ చేరారు అనుకుందాం. లోటు రెండు. ఖాళీ సున్నా. 'మా దగ్గర ఖాళీలు లేవు' అని మంత్రిగారు అసెంబ్లీలో చెప్పొచ్చు, అది అబద్ధం కూడా కాదు. పోస్టు మంజూరు చెయ్యకపోతే చాలు, ఖాళీ దానంతటదే మాయమైపోతుంది. అంచేత మన కార్యకర్తలు 'ఖాళీలు భర్తీ చెయ్యాలి' అని ఇచ్చే నినాదం సగం నినాదమే. మంజూరు కాని పోస్టు గురించి ఆ నినాదం ఏమీ చెప్పదు.

'కావలసినవాళ్ళు' అన్న గడిని కూడా చూడండి. వున్న కేంద్రాలకి ఎంతమంది కావాలో అది చెబుతుంది. కట్టాల్సి వుండి కట్టని కేంద్రానికి డాక్టరు అవసరం లేదు కదా! కేంద్రమే లేనిచోట డాక్టర్ల లోటు కూడా వుండదు. అన్నిటికన్న దిక్కులేని చోటు ఈ పద్ధతిలో లెక్కకే రాదు.

'పనిలో వున్నారు' అన్న మాట మరీ మోసం చేస్తుంది. జీతం ఇక్కడ, డెప్యుటేషన్ మీద పని ఇంకోచోట చేసే డాక్టరు కూడా పనిలో వున్నట్టే. పొద్దున తొమ్మిదికి వచ్చి మధ్యాహ్నం బస్సెక్కే డాక్టరు కూడా పనిలో వున్నట్టే. కానుపు నొప్పులు ఆఫీసు వేళలు చూసి రావు. ఒక్క కానుపుల డాక్టరమ్మ వున్న చోట పట్టిక ప్రకారం లోటు లేదు. నిజానికి ఆవిడ ఎనిమిది గంటలు పనిచేస్తే మిగతా పదహారు గంటలూ ఆ ఆసుపత్రిలో కానుపుల డాక్టరు లేనట్టే. ఆ పదహారు గంటల్లో వచ్చిన మనిషికి దొరికే సమాధానం ఈ ప్రాంతం వాళ్ళందరికీ కంఠతా వచ్చు: "డాక్టరుగారు నేరమ్మా, వైజాగు తీసుకెళిపోండి." కేజీహెచ్‌కి చీటీ రాసిస్తారు. 'రాసీసేరు' అంటారు మా వైపు. ఆ ఒక్క మాటలో భయం, బండి కిరాయి, అప్పు, దారిలో ఏం జరుగుతుందో అన్న బెంగ అన్నీ వుంటాయి. పట్టికలో మాత్రం ఆ మాటకి గడి లేదు.

2. జిల్లా గీత మీద నిలబడ్డ ఆసుపత్రి

కొరత వున్న ప్రాంతం అంటే మన దగ్గర ముందుగా జిల్లా. లెక్కలన్నీ జిల్లాల వారీగా వుంటాయి. జిల్లా ఒక పరిపాలన గీత. జబ్బుకి ఆ గీత తెలియదు.

2022 ఏప్రిల్ 4 దాకా నర్సీపట్నం విశాఖపట్నం జిల్లాలో వుండేది. అదే జిల్లాలో కింగ్ జార్జి ఆసుపత్రి వుంది, 1923 నుంచి ఆంధ్రా మెడికల్ కాలేజీ వుంది, బీచి రోడ్డు నుంచి లోపలి దాకా కార్పొరేట్ ఆసుపత్రులు వున్నాయి. వీళ్ళందర్నీ జిల్లా జనాభాతో భాగిస్తే చాలా మర్యాదైన సగటు వస్తుంది. ఆ సగటులో చింతపల్లి కొండ మీద డోలీలో మోసుకొచ్చే బాలింత వాటా కూడా వుంది, కాగితం మీద. కేజీహెచ్ గుండె డాక్టరు నర్సీపట్నం మాలపేటలో ముసలాయనకి కూడా డాక్టరే, కాగితం మీద. మధ్యలో వున్న ఎనభై కిలోమీటర్ల దారి భాగాహారంలో కొట్టుకుపోయింది.

2022లో జిల్లాలు విడగొట్టాక ఈ తప్పు తలకిందులైంది. నర్సీపట్నం అనకాపల్లి జిల్లాలోకి వచ్చింది. చింతపల్లి, గూడెం కొత్తవీధి, కొయ్యూరు మండలాలు పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి పోయాయి. గీత మారినంత మాత్రాన ఆ కొండల్లో మనుషుల దారి మారలేదు. ఘాటీ దిగితే వాళ్ళకి ముందు తగిలేది నర్సీపట్నం ఆసుపత్రే. జిల్లా జనాభా లెక్కన పోస్టులు ఇస్తే, ఇంకో జిల్లా పేరు రాసుకున్న రోగులు ఆ లెక్కలో వుండరు. ఆసుపత్రి ముందు క్యూలో వుంటారు, ఆసుపత్రి అవసరంలో వుండరు.

ఇంకో గీత కూడా వుంది, దాని గురించి మనవాళ్ళు తక్కువ మాట్లాడతారు. షెడ్యూల్డ్ ఏరియా గీత. గొలుగొండ, నాతవరం, రోలుగుంట, రావికమతం మండలాల్లో కొండల మీద, కొండ కింద ఆదివాసీ గూడేలు వున్నాయి. కొండదొరలు, కోందులు వున్నారు. వాళ్ళ వూళ్ళు షెడ్యూల్డ్ ఏరియా బయట పడ్డాయి. తమని అయిదో షెడ్యూల్లో కలపాలని ఎన్నాళ్ళ నుంచో అడుగుతున్నారు. పేరుకి మైదానం మండలం, దారి చూస్తే కొండ. డోలీ మోత అక్కడా వుంది. ఏజెన్సీ పేరు మీద వచ్చే ప్రత్యేక ఏర్పాట్లన్నీ ఆ గీత దగ్గరే ఆగిపోతాయి. అంటే ప్రాంతాన్ని గుర్తించడం అనే పని ఒక్కోసారి గుర్తింపు ఇచ్చే పనికన్న గుర్తింపు ఆపే పనే ఎక్కువ చేస్తుంది.

3. ప్రాంతమా, జనమా?

ఇక్కడ మన అసలు ప్రశ్నకి వద్దాం. పైన చెప్పిన ప్రభుత్వ పుస్తకంలో గిరిజన ప్రాంతాలకి విడిగా పట్టికలు వున్నాయి. మంచిదే, పోరాటాల వల్ల వచ్చింది. దళితవాడలకి పట్టిక లేదు. ఎందుకు లేదు?

ఎందుకంటే దళితులకి 'ప్రాంతం' లేదు. ఆదివాసీకి పటం మీద చూపించగలిగిన కొండ వుంది. అంటరానివాడు ప్రతి వూరికీ చివర వున్నాడు. ఏ జిల్లాలో చూసినా వున్నాడు, ఏ జిల్లాకీ అతని పేరు లేదు. 2011 జనాభా లెక్కల్లో పాత విశాఖ జిల్లాలో షెడ్యూల్డ్ తెగలు సుమారు 14 శాతం, షెడ్యూల్డ్ కులాలు సుమారు 8 శాతం. ఎనిమిది శాతం మనుషులు జిల్లా సగటుని కదపలేరు. వాళ్ళకి వైద్యం పూర్తిగా అందకపోయినా జిల్లా అంకె ఆరోగ్యంగానే కనపడుతుంది. ప్రాంతం అనే కొలబద్ద వూరిని చూస్తుంది, వాడని చూడలేదు.

డాక్టర్ల కొరతని జనం వైపునుంచి గుర్తించడం అసాధ్యం ఏమీ కాదు. అమెరికాలో 1970ల నుంచి 'హెల్త్ ప్రొఫెషనల్ షార్టేజ్ ఏరియా' అని చట్టంతో గుర్తించే పద్ధతి వుంది. ప్రాథమిక వైద్యానికయితే 3,500 మందికి ఒక డాక్టరు అన్న ప్రమాణం, అవసరం ఎక్కువున్న చోట 3,000 మందికి ఒక డాక్టరు. మనకి కావలసిన విషయం ఆ అంకె కాదు. ఆ చట్టం మూడు రకాలుగా కొరతని గుర్తిస్తుంది. ఒక భౌగోళిక ప్రాంతాన్ని గుర్తించొచ్చు, ఒక ఆసుపత్రి లాంటి సంస్థని గుర్తించొచ్చు, ఒక జనసమూహాన్ని గుర్తించొచ్చు. చుట్టూ డాక్టర్లు వున్నా, పేదలకి, వలస వ్యవసాయ కూలీలకి, నేటివ్ అమెరికన్ తెగలకి ఆ డాక్టర్లు అందడం లేదంటే ఆ జనాన్నే 'కొరతలో వున్న జనం' అంటారు. అక్కడ నల్లవాళ్ళకి సమానంగా వైద్యం అందుతోందని నేను చెప్పడం లేదు. అందడం లేదని వాళ్ళ పోరాటాలే చెబుతున్నాయి. నేను చెప్పేది ఒక్కటే. పక్కన డాక్టరు వుండటం, ఆ డాక్టరు అందటం వేరు వేరని చట్టంలో రాసుకోవచ్చు. మన దగ్గర రాసుకోలేదు.

బ్రిటన్లో జూలియన్ ట్యూడర్ హార్ట్ అనే డాక్టరు బొగ్గుగనుల వూళ్ళో పనిచేస్తూ 1971లోనే ఒక సూత్రం చెప్పాడు. వైద్యం ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్ళకే తక్కువ అందుతుందని, వైద్యాన్ని మార్కెట్‌కి వదిలేసిన కొద్దీ ఇది ముదురుతుందని ఆ సూత్రం సారాంశం. మన దేశంలో ఈ సూత్రానికి అంబేద్కర్ని కలిపి చదవాలి. అంబేద్కర్ కులాన్ని మెట్లు మెట్లుగా వున్న అసమానత అన్నారు. పై మెట్టు వాడికి అన్నీ, కింది మెట్టు వాడికి ఏమీ లేవు అన్నంత సాదాగా అది వుండదు. ప్రతి మెట్టుకీ దాని కింద ఇంకో మెట్టు వుంటుంది. వైద్యంలో ఈ మెట్లు కళ్ళకి కట్టినట్టు కనపడతాయి. పై మెట్టు మీద హైదరాబాదు, వైజాగు కార్పొరేట్ ఆసుపత్రి. దాని కింద పట్నంలో ప్రైవేటు నర్సింగ్ హోము. ఆ కింద సర్కారు ఆసుపత్రి. చిట్టచివర వాడలో సైకిలు మీద సంచి పట్టుకొచ్చే ఆర్ఎంపీ. ఐక్యరాజ్యసమితి మహిళా విభాగం 2018లో వేసిన నివేదికలో మన దేశంలో దళిత స్త్రీలు చనిపోయే సగటు వయసు 39.5 ఏళ్ళని, అగ్రకుల స్త్రీలది 54.1 ఏళ్ళని వుంది. దాదాపు పదిహేనేళ్ళు తేడా. ఈ పదిహేనేళ్ళూ ఏ జిల్లావి? ఏ ప్రాంతానివి? ఏ పటం మీద వీటికి రంగు వేస్తారు?

మా ఇంట్లో యూనివర్సిటీ గడప తొక్కిన మొదటి మనిషిని నేను. మా పేటలో పెద్దవాళ్ళకి స్పెషలిస్టు అన్న మాట తెలీదని ఎవరైనా అనుకుంటే పొరపాటు. ఎముకల డాక్టరు, మత్తు డాక్టరు, గుండె డాక్టరు అని ఎవరికి ఏం కావాలో వాళ్ళకి బాగా తెలుసు. అక్కడికి పోతే బల్ల మీద ఎవరు ముందు పడుకుంటారో, ఎవర్ని 'రేపు రా' అంటారో కూడా తెలుసు. ఆ తెలివిడిని లెక్కలోకి తీసుకునే పద్ధతి లేకపోవడమే మన ఆరోగ్య గణాంకాల పెద్ద లోటు.

పురుడు సంగతే చూడండి. నిన్న మొన్నటి దాకా పల్లెల్లో పురుడు పోసిన మంత్రసానుల్లో చాలామంది అంటరాని కులాల, సేవ కులాల ఆడవాళ్ళే. బొడ్డు కొయ్యడం మైలపని కాబట్టి ఆ పని వాళ్ళకి వదిలారు. పని చేయించుకున్నారు, విద్య అని ఒప్పుకోలేదు. 2005లో జననీ సురక్ష యోజన వచ్చాక పురుడు ఆసుపత్రికి రావాలన్నారు. రావాల్సిందే, తల్లీబిడ్డా బతకాలి. కాని ఇంటి దగ్గర మంత్రసానిని మాన్పించినంత వేగంగా ఆసుపత్రిలో స్పెషలిస్టుని పెట్టలేదు. పాతది పోయింది, కొత్తది రాలేదు. ఆ మధ్యలో బండి మీద, డోలీ మీద, దారిలో వున్నది ఎవరో మనకి తెలుసు.

4. మత్తు డాక్టరు

స్పెషలిస్టులందరిలో జనానికి తక్కువగా కనపడేవాడు మత్తు డాక్టరు. రోగి మొహం చూసేలోపే నిద్రపోతాడు. కాని పెద్దాపరేషను చెయ్యాలంటే కానుపుల డాక్టరు వున్నా చాలదు, మత్తు ఇచ్చేవాళ్ళు కావాలి. విరిగిన ఎముక సరిచెయ్యాలన్నా, పగిలిన పేగు కుట్టాలన్నా అంతే. మత్తు డాక్టరు లేని చోట మిగతా స్పెషలిస్టులు వుండి కూడా సగం లేనట్టే. ఈ సంగతి ప్రభుత్వానికి తెలియక కాదు. గ్రామీణ ఆరోగ్య మిషన్ కింద ఎంబీబీఎస్ డాక్టర్లకే 18 వారాలు శిక్షణ ఇచ్చి అత్యవసర కానుపులకి మత్తు ఇప్పించే పథకం పెట్టింది అందుకే. మరి ప్రభుత్వ పట్టికలో పైన చెప్పిన నలుగురు స్పెషలిస్టుల లెక్కలో ఆయన లేడు. గొలుసు ఎక్కడ తెగుతుందో ఆ లంకెనే లెక్క వదిలేసింది.

నర్సీపట్నం ఏరియా ఆసుపత్రిలో డాక్టర్ సుధాకర్ ఈ పనే చేసేవారు. దళితుడు. 2020 ఏప్రిల్లో కరోనా మొదలైన రోజుల్లో ఎన్-95 మాస్కులు, రక్షణ దుస్తులు ఇవ్వడం లేదని, ఒకే మాస్కుని పదిహేను రోజులు వాడమంటున్నారని బయటికి చెప్పారు. కరోనా రోగి గొంతులోకి గొట్టం వెయ్యాల్సిన పని మత్తు డాక్టరుది. రోగి ఊపిరి నేరుగా మొహం మీద పడేది ఆయనకే. అంటే మాస్కు అడగడానికి ఆ ఆసుపత్రిలో అందరికన్న ఎక్కువ హక్కున్న మనిషి అడిగాడు. రోజుల్లోనే ఆయన్ని సస్పెండ్ చేశారు. అధికార పక్షం ఆయన్ని ప్రతిపక్షం మనిషి అంది. ప్రతిపక్షం ఆయన్ని తన వాదనకి వాడుకుంది. మే 16న విశాఖపట్నంలో నడిరోడ్డు మీద ఒంటిమీద చొక్కా లేకుండా, చేతులు వెనక్కి విరిచికట్టి పోలీసులు ఆయన్ని పట్టుకుపోయారు. మత్తులో గొడవ చేశాడన్నది పోలీసుల మాట. అక్కడినుంచి కేజీహెచ్‌కి, తర్వాత ప్రభుత్వ మానసిక వైద్యశాలకి తీసుకుపోయారు. మే 22న హైకోర్టు సీబీఐ విచారణకి ఆదేశించింది. సరిగ్గా ఏడాదికి, 2021 మే 21న, గుండెపోటుతో ఆయన చనిపోయారు.

ఈ ఘటన మీద వాక్ స్వాతంత్ర్యం వైపునుంచి, పోలీసు జులుం వైపునుంచి చాలా రాశారు, రాయాల్సిందే. డాక్టర్ల కొరత వైపునుంచి చదివినవాళ్ళు తక్కువ. కొరత, కొరత అని ఏటా పుస్తకాలు అచ్చువేసే రాజ్యం, మహమ్మారి మొదటి నెలలో, ఏజెన్సీ మొగదల వున్న ఆసుపత్రిలో, దొరకడమే కష్టమైన ఒక స్పెషలిస్టుని తన చేత్తో తనే పక్కకి పెట్టింది. ఆ ఆసుపత్రిలో ఆయన కాక ఇంకెందరు వున్నారన్నది ఇక్కడ ప్రశ్నే కాదు. ఇలాంటి పనికి లెక్కల్లో చోటెక్కడ? సస్పెన్షన్లో వున్న ఉద్యోగి ఉద్యోగం పోయినవాడు కాడు. పోస్టు మంజూరై వుంది, మనిషి పేరు వుంది, ఆపరేషన్ బల్ల దగ్గర ఆయన మాత్రం లేడు. కొరత దానంతటది పుట్టదు, ఉత్తర్వు మీద సంతకంతో కూడా పుడుతుంది అనడానికి ఇంతకన్న సాక్ష్యం ఏం కావాలి?

డాక్టర్లు పల్లెలకి పోరు, వాళ్ళకి సేవాభావం లేదు అని మన మధ్యతరగతి మేధావులు తరచు అంటారు. వున్న చోట వుండి, అడగాల్సింది అడిగిన డాక్టరుకి ఏం జరిగిందో వాళ్ళు ఎందుకు చెప్పరు? ఇప్పుడు ఎంబీబీఎస్ చదువుతున్న దళిత విద్యార్థి, రేపు మత్తు వైద్యంలో పీజీ చేసి సర్కారు ఆసుపత్రిలో చేరాలా అని ఆలోచించేటప్పుడు అతని కళ్ళముందు ఏ బొమ్మ వుంటుంది? ఆ బొమ్మ వల్ల రాకుండా పోయే డాక్టర్లని ఏ గడిలో కలుపుతారు?

5. స్పెషలిస్టు ఎక్కడ తయారవుతాడు?

కొరతకి మందు స్పెషలిస్టుల్ని ఎక్కువగా తయారుచెయ్యడం. ఇక్కడే 'ప్రతిభ' అడ్డం వస్తుంది. 1992లో మండల్ తీర్పులో సుప్రీంకోర్టు సూపర్ స్పెషాలిటీల లాంటి చోట్ల రిజర్వేషన్లు తగవేమో అంది. 1999లో ప్రీతీ శ్రీవాస్తవ కేసులో సూపర్ స్పెషాలిటీ కోర్సుల్లో రిజర్వేషన్లు కుదరవని తేల్చింది. గుండె, మెదడు, మూత్రపిండాల డాక్టర్లు తయారయ్యేది ఆ కోర్సుల్లోనే. కింది మెట్ల దాకా దళితుడు ఎక్కొచ్చు, పై మెట్టు దగ్గర మాత్రం దేశప్రయోజనం గుర్తొస్తుంది. అలా తయారైన 'ప్రతిభ' ఏ పట్నాల్లో స్థిరపడిందో, ఎంతమంది నర్సీపట్నం లాంటి చోట బోర్డు కట్టారో చూస్తే ఆ దేశం ఎవరి దేశమో తెలుస్తుంది. 2007లో వచ్చిన ఆరోగ్యశ్రీ పేదవాడి జేబులో కార్డు పెట్టింది. ప్రాణాలు నిలబెట్టింది, కాదనలేం. అయితే ఆ కార్డు రోగిని నగరంలో వున్న స్పెషలిస్టు దగ్గరికి పంపింది. సర్కారు డబ్బు కూడా రోగి వెంటే నగరానికి పోయింది. స్పెషలిస్టు డబ్బున్న చోటే వుంటాడు కాబట్టి నగరంలోనే వుండిపోయాడు.

టెలిమెడిసిన్ గురించి కూడా ఒక మాట. బీపీకి, షుగరుకి ఫోన్లో సలహా చెప్పొచ్చు. ఫోన్లో మత్తు ఇవ్వలేరు.

ఒక ప్రాంతంలో స్పెషలిస్టుల లోటు శాశ్వతంగా తీరాలంటే మెడికల్ కాలేజీకి మించిన దారి లేదు. కాలేజీ వుంటే ప్రతి విభాగంలో ప్రొఫెసర్లు వుండి తీరాలి, పీజీలు వస్తే రాత్రిళ్ళు వార్డులో వుంటారు. రాత్రి వచ్చిన కేసుని వైజాగు రాసెయ్యాల్సిన పని తగ్గుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో 17 కొత్త ప్రభుత్వ మెడికల్ కాలేజీలు అన్నప్పుడు అందులో నర్సీపట్నం పేరు వుంది. 2022 డిసెంబర్ 30న అప్పటి ముఖ్యమంత్రి జగన్‌మోహన్‌రెడ్డి శంకుస్థాపన చేశారు. వాటిలో అయిదు 2023లో మొదలయ్యాయి, పాడేరు 2024లో మొదలైంది. నర్సీపట్నం మొదలవ్వలేదు. 2025 సెప్టెంబర్లో చంద్రబాబు ప్రభుత్వం నర్సీపట్నంతో సహా పది కాలేజీల్ని ప్రభుత్వ-ప్రైవేటు భాగస్వామ్యంలో నడపాలని నిర్ణయించింది. అజమాయిషీ మాదే, పేదలకి వుచిత వైద్యం వుంటుంది అని ప్రభుత్వం అంటోంది. ఇది అమ్మకమే అని ప్రతిపక్షం అంటోంది.

మనం ఈ తగాదాలో ఎవరి జెండా కింద నిలబడాలి? ఎవరి జెండా కిందా అక్కర్లేదు. కొత్త ప్రభుత్వ కాలేజీల్లో సీట్లని చీల్చి 35 శాతం సెల్ఫ్ ఫైనాన్సుకి ఏడాదికి 12 లక్షలు, 15 శాతం ఎన్నారై కోటాకి 20 లక్షలు అని రేటు కట్టింది 2023లో జగన్ ప్రభుత్వమే. ప్రభుత్వ కాలేజీ అన్న బోర్డు కింద సగం సీట్లు కొనుక్కునేవాళ్ళకి పోయాయి. కూలి మీద బతికే ఇంటి పిల్ల ఆ 12 లక్షల సీటు వైపు చూడగలదా? ఒకళ్ళు లోపల సీట్లకి ధర పెట్టారు, ఇంకొకళ్ళు కాలేజీ తలుపే ప్రైవేటు చేతికి ఇస్తామంటున్నారు. ఇద్దరికీ నర్సీపట్నం డాక్టర్ల కొరత వున్న ప్రాంతమే. కొరత పేరు చెప్పి భూమి తీసుకున్నారు, కొరత పేరు చెప్పే భాగస్వామిని పిలుస్తున్నారు. ఆ కాలేజీలో చదివి డాక్టర్లయ్యేది ఎవరు అన్న ప్రశ్నని కొరతలో భాగంగా ఎవరూ చూడలేదు. డబ్బు పెట్టి సీటు కొన్న కుటుంబం ఆ డబ్బు తిరిగి రాబట్టుకునే చోటుకే పిల్లాణ్ణి పంపుతుంది. ఇది వ్యక్తుల మంచిచెడ్డల సంగతి కాదు, పెట్టుబడి లెక్క.

ఇంకో నిచ్చెన కూడా వుంది. పల్లెల్లో పీహెచ్‌సీల్లో పనిచేస్తున్న ఎంబీబీఎస్ డాక్టర్లు ఇన్-సర్వీస్ కోటాలో పీజీ చేసి స్పెషలిస్టులవుతారు, తిరిగి సర్కారులోకే వస్తారు. ఏజెన్సీలో పనిచేసినవాళ్ళు మళ్ళీ అటు రావడానికి ఇది దగ్గర దారి. ఆ కోటా తగ్గించడం మీద 2024లో పీహెచ్‌సీ డాక్టర్లు ఆందోళనకి దిగాల్సి వచ్చింది. ఒక చేత్తో కొరత పట్టిక రాస్తూ ఇంకో చేత్తో నిచ్చెన మెట్లు తియ్యడం అంటే ఇదే.

6. వాడ నుంచి లెక్క మొదలుపెడదాం

విమర్శ ఇక్కడితో ఆగితే అది కూడా ఇంకో పట్టికే అవుతుంది. విద్యార్థులు, ఉపాధ్యాయులు, సంఘాల్లో పనిచేసేవాళ్ళు చెయ్యగలిగిన పని ఒకటి వుంది. కొరతని పైనుంచి కాకుండా వాడ నుంచి కొలవడం. దానికి పెద్ద డబ్బు అక్కర్లేదు, ఒక నోటు పుస్తకం, నాలుగు ఆదివారాలు చాలు. ఒక్కో ఆసుపత్రి పరిధిలో కొన్ని ఎస్సీ పేటలు, రెల్లి వీధులు, షెడ్యూల్డ్ ఏరియా లోపలవీ బయటవీ కొన్ని గూడేలు, వాటి పక్కనే వూళ్ళో కొన్ని అగ్రకుల వీధులు తీసుకుని ఒకే ప్రశ్నలు అడగాలి.

ఒకటి, రాత్రి రెండు గంటలకి పెద్దాపరేషను అవసరమైతే ఎక్కడ జరుగుతుంది, అక్కడికి చేరడానికి ఎన్ని గంటలు? దూరాన్ని కిలోమీటర్లలో రాయొద్దు, గంటల్లో, రూపాయల్లో రాయాలి. రెండు, గడిచిన ఏడాదిలో ఈ ఇంట్లో ఎవర్నయినా వైజాగో, అనకాపల్లో, తునో రాసేశారా, ఏ డాక్టరు లేరని రాసేశారు? మూడు, రాసేశాక నిజంగా వెళ్ళారా, మధ్యలో ఇంటికి తిరిగొచ్చేశారా? వెళ్ళకుండా తిరిగొచ్చినవాళ్ళు ఏ ఆసుపత్రి రిజిస్టర్లోనూ వుండరు, అసలు కొరత వాళ్ళ దగ్గర వుంది. నాలుగు, అప్పు ఎంత చేశారు, ఎవరి దగ్గర చేశారు? అయిదు, డాక్టరు వున్నప్పుడు చెయ్యి పట్టుకుని చూశారా, దూరంనుంచే చీటీ రాశారా, వీధి పేరు అడిగాక మాట మారిందా?

వీధుల వారీగా ఈ జవాబుల్ని పక్కపక్కన పెడితే, ఒకే వూళ్ళో ఒకే ఆసుపత్రికి రెండు దూరాలు వున్నట్టు తేలుతుందో లేదో చూద్దాం. తేలితే, కొరత వున్నది ప్రాంతానికి మాత్రమే కాదని, జనానికి కూడా అని చెప్పడానికి మన చేతిలో మన అంకె వుంటుంది. తేలకపోతే అదీ రాయాలి, లెక్కలో మనం అబద్ధం చెప్పకూడదు.

ఆ అంకెతో పాటు అడగాల్సినవి స్పష్టంగా వున్నాయి. పోస్టుల మంజూరు జిల్లా జనాభా మీద కాకుండా ఆసుపత్రికి నిజంగా వచ్చే జనం మీద వుండాలి, పొరుగు జిల్లా కొండల్నీ కలుపుకుని. ప్రతి ఏరియా ఆసుపత్రి గోడ మీద ఆ వారం రాత్రి డ్యూటీలో వున్న స్పెషలిస్టుల పేర్లు రాసి పెట్టాలి, మత్తు డాక్టరు పేరు అందులో మొదట వుండాలి. 'పనిలో వున్నారు' అన్న గడిలోంచి డెప్యుటేషన్లని, సస్పెన్షన్లని విడిగా తీసి చూపాలి. స్పెషాలిటీల వారీగా డాక్టర్ల సామాజిక వర్గాల లెక్క బయటపెట్టాలి. నర్సీపట్నం మెడికల్ కాలేజీ పూర్తిగా సర్కారు కాలేజీగా, అమ్మకపు సీట్లు లేకుండా మొదలవ్వాలి. మాస్కు అడిగినా మందు అడిగినా డాక్టరు మీద చర్య తీసుకునేముందు, ఆ చర్య వల్ల ఆగిపోయే ఆపరేషన్లకి ఎవరు జవాబుదారో ఆ ఉత్తర్వులోనే రాయాలి.

ఈ లెక్కని సోమవారం గ్రీవెన్సులో కలెక్టరుకి ఇవ్వొచ్చు, ఆసుపత్రి అభివృద్ధి సంఘం సమావేశంలో చదవొచ్చు, ముందుగా మాత్రం పేటలోనే, లెక్క ఇచ్చిన మనుషుల మధ్య గట్టిగా చదివి వినిపించాలి. తప్పులుంటే వాళ్ళే దిద్దుతారు.